మారుపేరుతో వెలసిన మేధావి – గాసెట్

వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ‘స్టూడెంట్ టి-పరీక్ష’ను అభ్యసింతురు. అది విద్యార్థులకు పెట్టు పరీక్ష కాబోలునని మేమును ఒకప్పుడు భ్రమపడితిమి. ‘స్టూడెంట్’ అనునది ఒక మహనీయుని మారుపేరు.

ఆయన విలియం సీలీ గాసెట్. 1876లో ఇంగ్లండులోని కాంటర్బరీలో జన్మించినారు. ఆక్స్‌ఫర్డులో గణిత, రసాయన శాస్త్రములు చదివి, 1899లో డబ్లిన్ నగరమున గిన్నెస్ బీరు కర్మాగారములో చేరినారు.

బార్లీ నాణ్యతను నిర్ణయించుట అచ్చటి సమస్య. కొలతలకు సగటు కట్టి, అవి సగటునుండి ఎంత తొలగినవో తెలుపునది వర్ణనాత్మక సాంఖ్యకశాస్త్రము. ఆ కొద్ది కొలతలనుబట్టి సరకంతటిని గూర్చి తీర్పు చెప్పునది అనుమితి సాంఖ్యకశాస్త్రము. నాటి సూత్రములు పెద్ద నమూనాలకే నమ్మదగినవి. ప్రయోగములు వ్యయముతో కూడినవి గనుక, గాసెట్ చేతికి చిన్న నమూనాలే అందెడివి.

లండనులో కార్ల్ పియర్సన్ వద్ద అధ్యయనము చేసి, ఆయన కొత్త సూత్రమును కనుగొన్నారు. 3000 మంది నేరస్థుల దేహపు కొలతలను అట్టముక్కలపై వ్రాసి, బాగుగా కలిపి, నాలుగేసి చొప్పున 750 నమూనాలుగా తీసి దానిని సరిచూచుకొన్నారు. 1908లో ‘బయోమెట్రికా’ పత్రికలో ప్రకటించినారు. వ్యాపార రహస్యములు వెలువడునను శంకతో ఉద్యోగుల స్వనామ ప్రచురణను సంస్థ అనుమతింపనందున ‘స్టూడెంట్’ అను పేరు దాల్చినారు.

1937లో గాసెట్ కన్నుమూసినారు. ఆధారము స్వల్పమైనప్పుడు తీర్పులో వినయము ఉండవలెనని, ఆ వినయమునకును లెక్క కలదని ఆయన నేర్పినారు. మన విద్యార్థులు సూత్రముతోపాటు ఈ గుణమునుగూడ అభ్యసింతురుగాక!