జిడ్డు కృష్ణమూర్తి

1895వ సంవత్సరము మే నెలలో, అప్పటి కడప జిల్లాలోని మదనపల్లెలో జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదవ సంతానముగా ఒక కుమారుడు కలిగెను. అష్టమ గర్భమున పుట్టినవాడగుటచే అతనికి కృష్ణమూర్తి అని పేరిడిరి. తండ్రి రెవిన్యూ శాఖలో ఉద్యోగి.

పసితనముననే ఆ బాలునకు మలేరియా జ్వరము సోకెను. అది ఏండ్ల తరబడి అతనిని పీడించెను. ఒకప్పుడు సంవత్సరకాలము బడికి పోవుటయే సాధ్యపడలేదు. 1905లో తల్లి మరణించెను. జ్వరముచేతను, దుఃఖముచేతను కృశించిన ఆ పిల్లవానికి పాఠములు తలకెక్కలేదు. ఉపాధ్యాయులు అతనిని మందమతి యనుకొనిరి. తరగతి బయట నిలబెట్టి, ఒక్కొక్కప్పుడు ఆ సంగతియే మరచెడివారు. సాయంకాలము తమ్ముడు నిత్యానందము వచ్చి చేయిపట్టుకొని ఇంటికి తీసికొనిపోయెడివాడు. కాని ఈ మందమతియే ఒకనాడు తండ్రిగారి గడియారమును విప్పి, మరల కూర్చువరకు బడికి కదలలేదు! చీమలను, మేఘములను గంటలకొలది పరిశీలించెడివాడు. ఆ శక్తిని కొలుచు పరీక్ష మాత్రము బడిలో లేదు.

1909లో తండ్రి కుటుంబముతో మద్రాసులోని అడయారు చేరెను. అచ్చటి దివ్యజ్ఞాన సమాజమువారు ఈ బాలుని చేరదీసిరి. అనిబిసెంటమ్మ అన్నదమ్ములను ఇంగ్లండునకు తీసికొనిపోయి చదివించెను. అచ్చటను కృష్ణమూర్తి విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలలో కృతార్థుడు కాలేదు. అయినను సమాజమువారు అతనిని రాబోవు జగద్గురువుగా భావించి, 1911లో ఒక సంఘమును స్థాపించి, దానికి అధిపతిని చేసిరి. 1925లో ప్రాణసమానుడైన తమ్ముడు క్షయవ్యాధితో మరణించెను. 1929 ఆగస్టు 3వ తేదీన హాలెండు దేశమున వేలమంది ఎదుట కృష్ణమూర్తి ఆ సంఘమును రద్దుచేసి, దానికి వచ్చిన ఆస్తులను ఇచ్చినవారికే మరలించెను. సత్యమును ఎవరికి వారే కనుగొనవలెనని ఆయన నిశ్చయము.

మదనపల్లెకు సమీపమున, ఋషికొండ క్రింది లోయలో ఒక మహా వటవృక్షమును చూచి, విద్యాలయమునకు అదియే తగిన చోటని ఆయన తలచెను. 1926లో భూసేకరణ మొదలయ్యెను. 1931లో అచ్చట పాఠశాల నడువసాగెను. అదియే రిషివ్యాలీ. భయముతో నేర్చినది నిలువదనియు, ఒక పిల్లవానిని మరియొకనితో పోల్చుట ఇరువురకును హాని యనియు ఆయన బోధించెను. 1986 ఫిబ్రవరి 17న, తొంబది యేండ్ల వయస్సున, అమెరికాలోని ఓహాయిలో ఆయన కన్నుమూసెను.

రిషివ్యాలీవారు చుట్టుపట్ల పల్లెలలో ఏకోపాధ్యాయ పాఠశాలలు కూడ నడపిరి. వానిలో పాఠములను చిన్న చిన్న కార్డులుగా విభజించి, నిచ్చెన మెట్లవలె అమర్చిరి. జ్వరమువలననో, పొలము పనివలననో మానిన బిడ్డ తిరిగివచ్చినప్పుడు తాను ఆగిన మెట్టు నుండియే సాగవచ్చును. ఈ పద్ధతి కర్ణాటక, తమిళనాడు రాష్ట్రములకును ప్రాకెను.

2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి కారణముగా దేశమందలి బడులన్నియు మూతపడెను. ప్రపంచమున నూటయేబది కోట్లకు మించిన విద్యార్థులు బడికి దూరమైరి. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలోను అంతే. ఫోను ఉన్న యింట పాఠము సాగెను. లేని యింట ఆగిపోయెను. బడులు తెరచినప్పుడు ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరిలో ఒకడు కథలు చదువుచుండగా, రెండవవాడు అక్షరములు మరచియుండెను. ఇద్దరకును ఒకే పుటను చెప్పిన, రెండవవాడు తరగతిలో కూర్చుండియు తరగతి బయట నిలిచినవాడే యగును. కావున ప్రతి బిడ్డకును అతడు ఆగిన చోటినుండి పాఠము చెప్పవలెను.

విద్యార్థులారా! మీ తరగతిలో వెనుకబడిన వానిని చూచి నవ్వకుడు. అతని ప్రక్కన కూర్చుండి, అతడు ఆగిన పుటను అతనితో కలిసి చదువుడు.