అంకెలకు అందని పరుగు – జాకీ రాబిన్సన్ జీవితం

మన హాస్టళ్లలో ఏటా ఏప్రిల్ 14న బాబాసాహెబ్ అంబేడ్కర్ జయంతి జరుపుకుంటాం. ఆ మర్నాడే, ఏప్రిల్ 15న, అమెరికాలో మరో వేడుక జరుగుతుంది. ఆ రోజు అక్కడి మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటగాళ్లందరూ, ఏ జట్టువారైనా సరే, వీపుమీద 42 అనే ఒకే అంకె వేసుకుని మైదానంలోకి దిగుతారు. 2009 నుంచి ఇది ఆనవాయితీగా వస్తోంది. ఆ అంకె జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడిది. బేస్‌బాల్ మనం ఆడే ఆట కాదు. అయినా ఆయన జీవితం మనకు పరాయిది కాదని మేము అనుకుంటున్నాం. అందుకే ఈ సంచికలో ఆయన గురించి రాస్తున్నాం.

బాల్యం

జాకీ రాబిన్సన్ 1919 జనవరి 31న అమెరికా దక్షిణాన జార్జియా రాష్ట్రంలో, కైరో అనే చిన్న ఊళ్లో జన్మించారు. తండ్రి జెర్రీ తెల్ల భూస్వామి పొలంలో పంట వాటాకు సేద్యం చేసేవారు. ఐదుగురు పిల్లల్లో జాకీ ఆఖరివారు. 1920లో తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయారు. తల్లి మ్యాలీ పిల్లలందరినీ వెంటబెట్టుకుని రైలెక్కి, దేశానికి ఆ చివరనున్న కాలిఫోర్నియా రాష్ట్రంలోని పాసడీనా పట్టణం చేరుకున్నారు. అక్కడ తెల్లవారి ఇళ్లలో పనిచేస్తూ, బట్టలు ఉతుకుతూ పిల్లల్ని పెంచారు.

పాసడీనాలో బానిసత్వం లేదు గానీ వివక్ష ఉంది. పట్టణంలోని ఈతకొలనులోకి నల్లపిల్లలను వారానికి ఒక్కరోజే రానిచ్చేవారు. ఊరి బావి దగ్గర మన పెద్దలు పడిన అవమానాలు విన్న మనకు ఇది వివరించి చెప్పనక్కరలేదు.

జాకీ అన్నయ్య మ్యాక్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులో రజత పతకం గెలిచారు. ఆయన ముందున్నది ఒక్క జెస్సీ ఓవెన్స్ మాత్రమే. ఒలింపిక్ పతకంతో ఇంటికి వచ్చిన మ్యాక్‌కు సొంత ఊళ్లో దొరికింది వీధులు ఊడ్చే పని. గడియారం ఆయన పరుగును కచ్చితంగానే కొలిచింది. ఆ కొలతకు తగిన విలువ మాత్రం ఊరు ఇవ్వలేదు. తమ్ముడు ఇదంతా చూస్తూ పెరిగారు.

చదువు, సైన్యం

జాకీ లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, అథ్లెటిక్స్ నాలుగింటిలోనూ విశ్వవిద్యాలయ జట్టు గౌరవం పొందారు. అక్కడ ఆ ఘనత సాధించిన మొదటి విద్యార్థి ఆయనే. 1940లో జాతీయ స్థాయి లాంగ్ జంప్ గెలిచారు.

1942లో సైన్యంలో చేరి, మరుసటి ఏడాది సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు. 1944 జులైలో టెక్సస్‌లోని క్యాంప్ హుడ్‌లో సైనిక బస్సు ఎక్కితే, వెనక్కి వెళ్లి కూర్చోమని డ్రైవర్ ఆజ్ఞాపించాడు. రాబిన్సన్ కదలలేదు. సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టారు. ఆగస్టులో నిర్దోషిగా బయటపడ్డారు. మాంట్‌గోమరీలో రోసా పార్క్స్ బస్సులో సీటు వదలనని కూర్చున్నది 1955లో. దానికి 11 ఏళ్ల ముందు జరిగిన సంగతి ఇది.

ఆ రోజుల్లో మేజర్ లీగ్ జట్లలో నల్లవారికి చోటు లేదు. 19వ శతాబ్దం చివరి నుంచీ ఆ తలుపు మూసే ఉంది. చట్టం ఏదీ లేదు. యజమానులందరూ కూడబలుక్కుని పాటించిన కట్టుబాటు అది. నల్లవారు తమ సొంత లీగ్‌లు నడుపుకునేవారు. వాటిని నీగ్రో లీగ్‌లు అనేవారు. రాబిన్సన్ 1945లో అందులోని కాన్సస్ సిటీ మోనార్క్స్ జట్టుకు ఆడారు.

బేస్‌ల మధ్య పరుగు అంటే ఏమిటి?

ఇక్కడ ఆట గురించి కొంచెం చెప్పుకోవాలి. బేస్‌బాల్ మైదానంలో నాలుగు మూలల చతురస్రం ఉంటుంది. ఒక్కో భుజం 90 అడుగులు. బ్యాటర్ హోమ్ అనే మూల దగ్గర నిలబడి బంతిని కొట్టి, మొదటి, రెండో, మూడో బేస్‌లు చుట్టి మళ్లీ హోమ్‌కు చేరితే ఒక పరుగు. మధ్యలో ఏదో ఒక బేస్ మీద ఆగి, తర్వాతి బ్యాటర్ కొట్టేదాకా వేచి ఉండవచ్చు. కానీ సాహసి వేచి ఉండడు. బంతి వేసే పిచర్ చెయ్యి కదిలిన క్షణంలో తర్వాతి బేస్‌కు పరుగు తీస్తాడు. దీన్ని బేస్ దొంగిలించడం అంటారు. మన క్రికెట్‌లో బంతి కొట్టకుండానే ఇవతలి వాడు పరుగందుకున్నట్టు అన్నమాట. దొరికితే ఔట్. అన్నిటికన్నా కష్టం మూడో బేస్ నుంచి హోమ్‌ను దొంగిలించడం. ఎందుకంటే బంతి కూడా అక్కడికే వస్తూ ఉంటుంది.

రాబిన్సన్ ఈ విద్యలో ఆరితేరినవారు. బేస్ విడిచి నాలుగు అడుగులు ముందుకు వేసేవారు. పరుగెత్తబోతున్నట్టు ఊగి వెనక్కి వచ్చేవారు. పిచర్ చూపు బ్యాటర్ మీద ఉండాలా, ఈయన మీద ఉండాలా తేలేది కాదు. ఇద్దరు ఫీల్డర్ల మధ్య చిక్కుకున్నా, ఖోఖోలో స్తంభాల మధ్య తప్పించుకునే ఆటగాడిలా బయటపడేవారు.

తలుపు తెరుచుకున్న రోజు

న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు అధిపతి బ్రాంచ్ రికీ 1945 ఆగస్టు 28న రాబిన్సన్‌ను పిలిపించి మాట్లాడారు. ఎంత తిట్టినా, కొట్టినా తిరగబడకుండా నిలబడగలరా అని అడిగారు. బస్సులో తలవంచని మనిషికి అది చిన్న షరతు కాదు. తన ఒక్కడి కోపం వల్ల వెనక వచ్చేవారందరికీ తలుపు మూసుకుపోతుందని తెలిసి, ఆయన ఒప్పుకున్నారు.

ముందుగా కెనడాలోని మాంట్రియల్ రాయల్స్ జట్టులో వేశారు. 1946 ఏప్రిల్ 18న జెర్సీ సిటీలో మొదటి ఆట. నాలుగు హిట్లు, వాటిలో ఒక హోమ్ రన్, రెండు దొంగిలించిన బేస్‌లు, నాలుగు పరుగులు. ఆ నాలుగు పరుగుల్లో రెండు ఎలా వచ్చాయో చూడాలి. మూడో బేస్ దగ్గర ఈయన చేసిన కదలికలకు పిచర్ కంగారుపడి బంతి వేయడంలో నియమం తప్పాడు. ఆ తప్పుకు శిక్షగా రాబిన్సన్‌ను హోమ్‌కు పంపారు. ఇలా రెండుసార్లు జరిగింది. లెక్క పుస్తకంలో ఆ తప్పు పిచర్ పేరున పడింది. తప్పు చేయించినవాడి నేర్పుకు ఆ పుస్తకంలో గడి లేదు.

1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో, 26 వేలకు పైగా ప్రేక్షకుల ముందు, రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 28. ఆ రోజు ఒక్క హిట్ కూడా లేదు. కానీ ఏడో ఇన్నింగ్స్‌లో బంతిని మెల్లగా తాకించి పరుగెత్తారు. ఫీల్డర్ తొందరపడి విసిరిన బంతి ఆయనకే తగిలి పక్కకు పోయింది. తర్వాతి బ్యాటర్ కొట్టిన దెబ్బకు రాబిన్సన్ హోమ్ చేరారు. వెనకబడి ఉన్న జట్టు ముందుకు వచ్చింది, 5–3తో గెలిచింది.

ఆ ఏడాదంతా నరకమే. ప్రత్యర్థి జట్ల నుంచి బూతులు, చంపుతామని ఉత్తరాలు, జట్టుతో పాటు దిగనివ్వని హోటళ్లు. ఆయన మాటకు మాట అనలేదు. 29 బేస్‌లు దొంగిలించి నేషనల్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచారు. 125 పరుగులు చేశారు. ఆ సంవత్సరమే మొదలుపెట్టిన ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి ఆయనకే దక్కింది. 1949లో .342 బ్యాటింగ్ సగటుతో, 37 దొంగిలించిన బేస్‌లతో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యారు.

అంకెల తగవు

ఇక్కడే బేస్‌బాల్ అభిమానుల మధ్య ఎడతెగని తగవు ఒకటుంది. బేస్‌ల మధ్య పరుగెత్తే నేర్పును అంకెలు సరిగ్గా కొలవగలవా?

పదేళ్ల ఆటలో రాబిన్సన్ దొంగిలించిన బేస్‌లు 197. తర్వాతి తరంలో రికీ హెండర్సన్ 1,406 దొంగిలించారు. అంకెలే చూస్తే పోలికే లేదు. పైగా లెక్కలు కట్టేవారు ఇంకోమాట చెబుతారు. ఒక బేస్ దొంగిలిస్తే వచ్చే లాభం కన్నా దొరికిపోతే కలిగే నష్టం ఎక్కువ. పది ప్రయత్నాల్లో సుమారు ఏడు ఫలించకపోతే జట్టుకు నష్టమే. ఊగులాట వల్ల పిచరే కాదు, తన జట్టు బ్యాటరూ చెదిరిపోవచ్చునని కూడా అంటారు. ఈ మాటలను కొట్టిపారేయలేం.

రెండో పక్షం వాదన ఇది. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు పాయింటు తేకపోయినా, ఎదుటి జట్టును చెదరగొట్టి వస్తాడు. తర్వాతి కూతలో వేరొకడు ఇద్దరిని తాకి వస్తాడు. పట్టికలో మొదటివాడికి సున్నా. రాబిన్సన్ పరుగులో సగం ఇలాంటిదే. నేషనల్ లీగ్ 1951కి ముందు చాలా ఏళ్లు, దొంగిలించబోయి దొరికిపోయినవారి లెక్కను కూడా క్రమంగా ఉంచలేదు. ఒక బేస్ బదులు రెండు బేస్‌లు పరుగెత్తినవారి లెక్కలు మరీ తర్వాత వచ్చాయి. 2015 నుంచి మేజర్ లీగ్ మైదానాలన్నిటిలో పరికరాలు పెట్టి ఆటగాడి ప్రతి అడుగు వేగాన్నీ కొలుస్తున్నారు. రాబిన్సన్ కాలానికి మిగిలినవి కొన్ని ఫిల్ములు, చూసినవారి జ్ఞాపకాలు.

1955 సెప్టెంబర్ 28న జరిగిన వరల్డ్ సిరీస్ మొదటి ఆట దీనికి మంచి ఉదాహరణ. 36 ఏళ్ల రాబిన్సన్ న్యూయార్క్ యాంకీస్ మీద హోమ్‌ను దొంగిలించారు. అంపైర్ సేఫ్ అన్నాడు. క్యాచర్ యోగి బెర్రా ఎగిరెగిరి వాదించాడు. 2015లో చనిపోయేదాకా అది ఔటేనని అంటూనే ఉన్నాడు. లెక్కలో అది ఒక పరుగు. ఆ ఆటలో బ్రూక్లిన్ 6–5తో ఓడింది కూడా. కానీ ఆ సిరీస్‌ను 4–3తో గెలిచింది. బ్రూక్లిన్‌లో ఉన్నంతకాలం ఆ జట్టు గెలిచిన వరల్డ్ సిరీస్ అదొక్కటే. ఆ ఒక్క పరుగు జట్టుకు ఎంత ధైర్యమిచ్చిందో ఏ పట్టికా చెప్పదు. ఏమీ ఇవ్వలేదని కూడా చెప్పదు.

మా ఉద్దేశంలో ఈ తగవుకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది. 197 తప్పు అంకె కాదు. కానీ ఆ లెక్క మొదలైంది ఎప్పుడు? రాబిన్సన్‌కు 28 ఏళ్లు వచ్చాక. కాళ్లలో వేగం బాగా ఉండే ఇరవై నుంచి ఇరవై ఏడు దాకా ఆయనకు మేజర్ లీగ్ మైదానమే లేదు. పైగా ఆ కాలంలో జట్లు బేస్ దొంగతనం మీద అంతగా ఆధారపడేవి కావు. అందుకే 29 అప్పట్లో లీగ్‌కు మొదటి స్థానం. అంకెతో పాటు ఆ పరుగు ఎక్కడ మొదలైందో కూడా చదవాలి.

అసలు లెక్కలోకే రానివారి మాట ఇంకా విచారకరం. నీగ్రో లీగ్‌లలో కూల్ పాపా బెల్ వంటి మెరుపు పరుగువీరులు ఎందరో ఆడారు. వారి ఆటల పట్టికలు చాలావరకు పత్రికల్లో అచ్చుకే నోచుకోలేదు. 2020 డిసెంబర్‌లో ఆ లీగ్‌లకు మేజర్ లీగ్ హోదా ఇచ్చారు. 2024 మేలో దొరికినంతవరకు వారి లెక్కలను అధికారిక రికార్డుల్లో చేర్చారు. దాంతో జాష్ గిబ్సన్ .372 సగటుతో జీవితకాల బ్యాటింగ్‌లో అందరికన్నా ముందు నిలిచారు. ఆయన చనిపోయింది 1947 జనవరిలో, రాబిన్సన్ బ్రూక్లిన్‌లో అడుగుపెట్టడానికి మూడు నెలల ముందు.

అంకెలుంటే చాలునని కూడా అనలేం. మన దేశంలో అంటరాని కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ 1911లో ఇంగ్లండ్ పర్యటనలో 100కు పైగా వికెట్లు తీశారు. అయినా హిందూ జట్టుకు ఆయన్ను కెప్టెన్ చేయలేదు. అంకె సాక్ష్యం చెబుతుంది. ఆ సాక్ష్యం వినేవారు కూడా ఉండాలి.

ఆట తర్వాత

1957 జనవరిలో రాబిన్సన్ ఆట నుంచి విరమించారు. ఒక కాఫీ కంపెనీలో ఉపాధ్యక్షుడయ్యారు. 1962లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందిన తొలి నల్లజాతి ఆటగాడు ఆయనే. పౌరహక్కుల ఉద్యమానికి నిధులు సేకరించారు. 1963లో వాషింగ్టన్ మహాప్రదర్శనకు వెళ్లారు. నల్లవారికి అప్పు పుట్టడం కష్టమైన రోజుల్లో, 1964లో న్యూయార్క్‌లోని హార్లెంలో ఫ్రీడమ్ నేషనల్ బ్యాంక్ స్థాపనలో ముందు నిలిచారు.

చక్కెర వ్యాధి ఆయన్ను క్రుంగదీసింది, చూపు మందగించింది. 1971లో పెద్ద కొడుకు కారు ప్రమాదంలో మరణించారు. 1972 అక్టోబర్ 15న వరల్డ్ సిరీస్‌లో తనకు సన్మానం జరిగినప్పుడు కూడా, జట్టు మేనేజర్‌గా ఒక నల్లవ్యక్తిని చూడాలని ఉందని అందరిముందూ అడిగారు. తొమ్మిది రోజుల తర్వాత, అక్టోబర్ 24న, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన కోరిక 1975లో ఫ్రాంక్ రాబిన్సన్ క్లీవ్‌లాండ్ జట్టు మేనేజర్ కావడంతో తీరింది. 1997లో 42 అంకెను అన్ని జట్లూ ఆయన గౌరవార్థం పక్కన పెట్టాయి. భార్య రేచల్ 1973లో ఆయన పేరిట స్థాపించిన సంస్థ కాలేజీ విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది.

మనం నేర్చుకోవలసింది

విద్యార్థి మిత్రులారా! మనల్నీ అంకెలతోనే కొలుస్తారు. మార్కులు, ర్యాంకులు, కటాఫ్‌లు. మార్కులు అబద్ధమని చెప్పుకుని ఊరట పొందడం రాబిన్సన్ దారి కాదు. ఆయన ప్రతి అంకెనూ చెమటోడ్చి సంపాదించారు. ఆ అంకెలే లేకపోతే, నల్లవారు ఈ ఆటకు పనికిరారన్నవారి నోరు మూతపడేది కాదు. అయితే ఇంట్లో మొదటిసారి పలక పట్టినవాడు తెచ్చుకున్న 60 మార్కులకూ, మూడు తరాల చదువున్న ఇంటివాడు తెచ్చుకున్న 60 మార్కులకూ మధ్య ఉన్న దూరం మార్కుల మెమోలో కనబడదు. ఆ దూరం పరుగెత్తి వచ్చినవాళ్లం కాబట్టి దాన్ని మనం మరిచిపోకూడదు, తక్కువ చేసుకోకూడదు. వెనక వచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ తలుపు తెరిచి ఉంచే బాధ్యత కూడా మనదే. బాబాసాహెబ్ మనకు చెప్పిందీ అదే, జాకీ రాబిన్సన్ చేసి చూపిందీ అదే.

జై భీమ్!