ఆకాశాన్ని చదివిన భక్తుడు - కెప్లర్

పదకొండో తరగతి భౌతికశాస్త్రంలో మనం కెప్లర్ నియమాలు మూడూ చదువుతాం, వాటిమీద లెక్కలు చేస్తాం. వాటిని కనిపెట్టిన మనిషికి మాత్రం అవి వట్టి లెక్కలు కావు. అవి ఆయన చేసుకున్న ఆరాధన. ఆ సంగతి పాఠంలో ఉండదు కాబట్టి ఆయన జీవితాన్ని ఇక్కడ చెప్పుకుందాం.

జోహన్నెస్ కెప్లర్ 1571 డిసెంబర్ 27న జర్మనీలోని వైల్ డెర్ స్టాట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి కూలికి యుద్ధాలు చేసే సైనికుడు. ఒకసారి ఇల్లు విడిచి వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. చిన్నప్పుడే మశూచి సోకడంవల్ల కెప్లర్‌కు చూపు మందగించింది. 1577లో ఆకాశంలో పెద్ద తోకచుక్క కనిపించింది. ఆరేళ్ళు నిండబోతున్న కొడుకును తల్లి కాథరినా ఎత్తైన చోటికి తీసుకెళ్ళి దాన్ని చూపించింది. ఆ రాత్రిని ఆయన పెద్దయ్యాక కూడా గుర్తు చేసుకున్నాడు.

కెప్లర్ పాస్టరు కావాలనుకున్నాడు. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో క్రైస్తవ వేదాంతం చదువుతూ, గురువు మేస్ట్లిన్ దగ్గర కోపర్నికస్ సిద్ధాంతం నేర్చుకున్నాడు. చదువు పూర్తికాకముందే, 1594లో, ఆయన్ని గ్రాజ్ పట్టణానికి గణితం చెప్పడానికి పంపారు. అనుకున్న దారి తప్పిందని మొదట బాధపడ్డాడు. కొద్దికాలానికే ఆయనకు ఒక ఆలోచన కలిగింది. బైబిల్ దేవుని గ్రంథమైతే ప్రకృతి కూడా ఆయన గ్రంథమే. ఆకాశాన్ని చదివేవాడు ఆ గ్రంథానికి యాజకుడిలాంటివాడు. అలాంటప్పుడు ఈ పని కూడా దేవుని సేవే కదా!

1600లో మతం మార్చుకోనందుకు గ్రాజ్ నుంచి వెళ్ళగొట్టారు. కుటుంబంతో ప్రాగ్ చేరి టైకో బ్రాహీ దగ్గర పనికి కుదిరాడు. టైకో ఏళ్ళ తరబడి ప్రతి రాత్రీ గ్రహాల స్థానాలను కొలిచి రాసుకున్నవాడు. అప్పటికి టెలిస్కోపు లేదు. మరుసటి ఏడాదే టైకో మరణించడంతో ఆ కొలతలు కెప్లర్ చేతికొచ్చాయి. చూపు సరిగా లేని మనిషి మరొకరి కళ్ళతో ఆకాశాన్ని చదవసాగాడు.

గ్రహాలు వృత్తాల్లోనే తిరుగుతాయని అందరూ నమ్మిన కాలమది. కెప్లర్ కూడా అంగారకుడి దారికి ఒక వృత్తం కట్టాడు. టైకో కొలతలకూ దానికీ వచ్చిన తేడా చాలా చిన్నది. డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో 8 భాగాలు, అంటే చంద్రబింబం వెడల్పులో సుమారు నాలుగో వంతు. ఇంకొకరైతే వదిలేసేవారు. అంత జాగ్రత్తగా కొలిచిన టైకోను దేవుడిచ్చిన వరంగా భావించాడు కెప్లర్. ఆ తేడాను దాచడం ఆయనకు తప్పనిపించింది. ఎంతో శ్రమపడి కట్టిన లెక్కను పక్కనబెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. చివరికి దారి వృత్తం కాదు, దీర్ఘవృత్తం అని తేలింది. సూర్యుడు దాని మధ్యలో కాక ఒక నాభి దగ్గర ఉన్నాడు. 1609లో అచ్చయిన పుస్తకంలో మొదటి రెండు నియమాలూ ఉన్నాయి.

ఆ తర్వాత కష్టాలు వరుసగా వచ్చాయి. 1611లో భార్య, ఆరేళ్ళ కొడుకు చనిపోయారు. 1612లో లింజ్ పట్టణానికి వెళితే, అక్కడి లూథరన్ పాస్టరు ఆయనకు ప్రభురాత్రి భోజనం ఇవ్వనన్నాడు. సంఘం ఒప్పుకోమన్న సిద్ధాంతపత్రంలో ఒక అంశాన్ని కెప్లర్ మనసు ఒప్పుకోలేదు. అబద్ధపు సంతకం పెట్టలేక ఆ బల్లకు దూరంగానే ఉండిపోయాడు, విశ్వాసం మాత్రం వదల్లేదు. 1615లో తల్లిమీద మంత్రగత్తె అని నింద పడింది. తోకచుక్కను చూపించిన ఆ తల్లిని పద్నాలుగు నెలలు గొలుసులతో బంధించి ఉంచారు. కొడుకే ముందుండి వాదించి 1621లో విడిపించాడు. మరుసటి ఏడాది ఆమె కన్నుమూసింది.

ఈ బాధల నడుమనే, 1618లో, మూడో నియమం దొరికింది. గ్రహం సూర్యుణ్ణి చుట్టివచ్చే కాలపు వర్గం, సూర్యుడినుంచి దాని సగటు దూరపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. ఆ పుస్తకం 1619లో వచ్చింది. అందులో ఆయన లెక్కలతో ఆగలేదు, ప్రార్థన కూడా రాశాడు. దేవుని పనిని చూపించే చోట తన పేరుకోసం ఆశపడి ఉంటే క్షమించమని వేడుకున్నాడు.

1630 నవంబర్ 15న రెజెన్స్‌బర్గ్‌లో కెప్లర్ మరణించాడు. యుద్ధంలో ఆ శ్మశానం పాడై సమాధి ఆనవాలు లేకుండా పోయింది. 2009లో ఆయన పేరుతో నాసా పంపిన టెలిస్కోపు ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను 2,600కు పైగా కనిపెట్టింది.

నక్షత్రాలను చూసి దేవుణ్ణి స్తుతించినవారు ఎందరో ఉన్నారు. కెప్లర్ స్తుతితో పాటు సరిగ్గా కొలవడం కూడా భక్తిలో భాగమనుకున్నాడు. ప్రయోగశాలలో మన అంకె పుస్తకంలోని జవాబుకు కొంచెం అటూ ఇటూ అయితే దిద్దేయాలన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. అప్పుడు మనం ఆ 8 భాగాలను తలచుకుందాం.