రాయలు ఇచ్చిన విసనకర్ర

విజయనగర చరిత్ర చదివినవారికి అబ్దుర్ రజాక్ పేరు కొత్తది కాదు. ఏడు ప్రాకారాల ఆ మహానగరాన్ని, అక్కడి రత్నాల అంగళ్లను, మహర్నవమి వేడుకలను కన్నులకు కట్టినట్లు వర్ణించిన పారశీక రాయబారిగా ఆయన ప్రసిద్ధుడు. ఆ వర్ణనల మాటున ఎండకు అల్లాడిన మనిషి ఒకడున్నాడు. దారిలో అన్నను పోగొట్టుకొని, పరాయి కొలువులో తన మాటకు విలువ దక్కుతుందో లేదో అని కలతపడినవాడతడు.

కమాలుద్దీన్ అబ్దుర్ రజాక్ 1413లో హెరాత్ నగరంలో జన్మించాడు. నేడు ఆఫ్ఘనిస్తాన్‌లో ఉన్న ఆ నగరం అప్పట్లో తైమూరు కుమారుడైన షారుఖ్ సుల్తానుకు రాజధాని. తండ్రి జలాలుద్దీన్ ఇస్‌హాక్ సుల్తాను కొలువులో న్యాయాధికారి, ఇమాము. తండ్రి గతించిన తరువాత అబ్దుర్ రజాక్ తాను రచించిన వ్యాకరణ వ్యాఖ్యను సుల్తానుకు సమర్పించి ఆస్థానంలో స్థానం సంపాదించాడు. ఇరవై ఎనిమిదేండ్ల వయసులో, 1442 జనవరిలో, కళ్ళికోట ప్రభువైన జామొరిన్ వద్దకు రాయబారిగా బయలుదేరాడు. అంతవరకు అతనికి సముద్రం తెలియదు. తెలిసినదల్లా గ్రంథాలు, రాజసభా మర్యాదలు, హెరాత్ చలికాలానికి తగిన బరువైన దుస్తులు.

ఎడారులు దాటి హోర్ముజ్ రేవు చేరేసరికి ఓడ ప్రయాణానికి అనువైన గాలుల కాలం గడచిపోతున్నది. అధికారులు జాప్యం చేశారు. ఎట్టకేలకు ఓడ కదిలినా నడిదారిలో వర్తకులు భయపడి సాగలేమన్నారు. చేసేది లేక రాయబారి బృందం మస్కట్‌లో దిగి, ఒమన్ తీరంలో మండువేసవి గడపవలసివచ్చింది. ఆ ఎండను గురించి అతడు రాసిన పుటలు అతిశయోక్తుల మయం. ఒరలోని కత్తి మైనంలా కరిగిందని, ఎముకలలో మూలుగ ఉడికిందని చెబుతాడు. చదివేవారికి నవ్వు రావచ్చు. కాని ఆ తీరంలోనే అతనితోపాటు అతని అన్న, అనుచరులు జ్వరాల పాలయ్యారు. అన్న అఫీఫుద్దీన్ తిరిగి లేవలేదు. అన్నను పరాయిగడ్డపై ఖననం చేసి, తాను బతుకుతానన్న ఆశ లేకుండానే అబ్దుర్ రజాక్ మళ్లీ ఓడ ఎక్కాడు. ఆశ్చర్యమేమంటే ఏ సముద్రాన్ని చూసి బెదిరాడో ఆ సముద్రపు గాలే అతనికి ఆరోగ్యాన్నిచ్చింది. పద్దెనిమిది దినాల ప్రయాణం తరువాత ఓడ కళ్ళికోట చేరింది. అది 1442 నవంబరు.

కళ్ళికోటలో అతడు మొదట చూసింది మనుషుల వేషాన్ని. నడుము నుంచి మోకాళ్ల వరకు ఒక గుడ్డ, ఒక చేతిలో కత్తి, మరొక చేతిలో తోలు డాలు. రాజైనా పేదైనా అదే తీరు. దుస్తులను బట్టి మనిషి అంతస్తును గుర్తించే సభలో పెరిగినవాడికి ఇది మింగుడు పడలేదు. అక్కడివారి రూపురేఖలను గురించి అతడు పరుషంగానే రాశాడు. ఉక్కపోతగా ఉండే ఆ తీరంలో ఆ వేషమే సుఖమన్న ఆలోచన అతనికి తట్టినట్లు లేదు. అతడు తెచ్చిన కానుకలు చూడండి: ఒక గుర్రం, ఒక బొచ్చు అంగీ, జరీ పనితనం గల నిలువుటంగీ, నౌరోజ్ పండుగకు పెట్టుకొనే టోపీ. నడుముకు పైన వస్త్రమే ధరించని ప్రభువుకు బొచ్చు అంగీ! జామొరిన్ వాటిని ప్రత్యేకంగా ఆదరించకపోవడంలో వింత లేదు. రాయబారి మాత్రం దానిని తన సుల్తానుకు జరిగిన అవమానంగా భావించాడు.

అయినా అతని కలం అన్యాయం చేయలేదు. ఆ రేవులో వర్తకులు సరకులను వీధిలో వదలి నిశ్చింతగా వెళ్తారనీ, సుంకపు అధికారులే వాటికి కాపలా ఉంటారనీ, అమ్ముడైన సరకుపై నలభైయవ వంతు మాత్రమే పన్ను తీసుకొంటారనీ మెచ్చుకొంటూ రాశాడు.

కళ్ళికోటలో దిగులుతో రోజులు వెళ్లదీస్తుండగా ఒక రాత్రి షారుఖ్ సుల్తాను కలలో కనిపించి ఓదార్చాడట. ఆ వెంటనే విజయనగరం నుంచి పిలుపు వచ్చింది. రాయబారిని తన వద్దకు పంపవలసిందిగా కోరినవాడు రెండవ దేవరాయలు. శ్రీనాథునికి కనకాభిషేకం చేసినట్లు తెలుగువారు చెప్పుకొనే ప్రౌఢదేవరాయలు ఈయనే. మంగళూరు మీదుగా, దారిలో బేలూరు ఆలయాన్ని చూసి, అబ్దుర్ రజాక్ 1443 ఏప్రిల్ చివర విజయనగరం ప్రవేశించాడు.

సభ జరిగిన రోజు ఎండ తీవ్రంగా ఉన్నది. నలభై స్తంభాల మండపంలో దేవరాయలు జైతూనీ పట్టువస్త్రంతో, మేలిముత్యాల కంఠహారంతో కూర్చొని ఉన్నాడు. రాయబారి అయిదు గుర్రాలను, పళ్లేనికి తొమ్మిది చొప్పున రెండు పళ్లేల పట్టువస్త్రాలను సమర్పించాడు. కానుకలను తొమ్మిదేసిగా ఇవ్వడం తురుష్కుల మర్యాద. రాయలు అతనిని దగ్గర కూర్చోబెట్టుకొని, లేఖను అందుకొని, కుశలం అడిగాడు. కొలువుకు తగినట్లు పొరలు పొరలుగా దుస్తులు ధరించిన రాయబారికి ధారాపాతంగా చెమట పట్టింది. అది గమనించిన రాయలు జాలిపడి, తన చేతిలోనిదానివంటి విసనకర్రను అతనికి ఇప్పించాడు. ఏడాదికి పైగా ఎండతో పోరాడిన మనిషికి ఒక రాజు చూపిన ఆ చిన్న దయ ఎంతగానో నచ్చి ఉండాలి. లేకుంటే రాజ్యాల చరిత్ర రాసే గ్రంథంలో ఒక విసనకర్రకు చోటెందుకు?

వెంటనే పళ్లెంలో తాంబూలం, అయిదు వందల పణాల సంచి, కర్పూరం వచ్చాయి. తమలపాకుకు తడి సున్నం రాసి, నలగగొట్టిన వక్క పెట్టి, చుట్టి నమిలే పద్ధతిని అతడు శ్రద్ధగా వర్ణించాడు. దాని గుణాలను మాత్రం కొంత అతిగానే నమ్మాడు. మీ దేశంలో రాయబారిని రాజు తన పంక్తిన కూర్చోబెట్టుకొంటాడు, మనం కలిసి భుజించే ఆచారం లేదు కనుక ఈ సంచే మీకు విందు అని రాయలు ఒకసారి సంజాయిషీ చెప్పినట్లు కూడా రాశాడు. ఇక్కడ కూలిపనివారు సైతం చెవులకు, మెడకు, చేతులకు నగలు ధరించడం అతనికి మరొక వింత.

ఆ ఆదరణ నిలకడగా లేదు. హోర్ముజ్ వర్తకులు కొందరు ఇతడు షారుఖ్ పంపిన నిజమైన రాయబారి కాడని ప్రచారం చేశారు. దండనాయకుడు దండయాత్రకు వెళ్లిన సమయంలో అతని స్థానంలో ఉన్న అధికారి దినభత్యం నిలిపివేశాడు. దండనాయకుడు తిరిగివచ్చి, ఆ పనిని తప్పుబట్టి, టంకశాల నుంచి ఏడు వేల వరహాలు ఇప్పించాడు. అయినా అనుమానం పూర్తిగా తొలగలేదు. వీడ్కోలు సమయంలో రాయలు ఆ అపవాదును ప్రస్తావించి, అది లేకుంటే ఇంకా ఘనంగా గౌరవించి ఉండేవాడినని చెప్పాడు.

1443 నవంబరులో విజయనగరం విడిచి, తుఫానులను తట్టుకొని, 1444 ఏప్రిల్‌లో హోర్ముజ్ చేరాడు. షారుఖ్ అతనిని ఈజిప్టుకు కూడా పంపదలచాడు గాని, 1447లో సుల్తాను మరణించడంతో ఆ ప్రయాణం జరగలేదు. 1463లో అబ్దుర్ రజాక్ హెరాత్‌లోని షారుఖ్ ధర్మాశ్రమానికి అధిపతి అయ్యాడు. తైమూరు వంశ చరిత్రయైన ‘మత్లా ఉస్ సాదైన్’ అనే తన మహాగ్రంథంలో ఈ యాత్రను చేర్చాడు. 1482లో హెరాత్‌లోనే కన్నుమూశాడు.