నెథానియల్ హాథారన్

అమెరికా వాఙ్మయచరిత్రకారులు పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమును, దాని తరువాతి కొన్ని యేండ్లను గలిపి కాల్పనికయుగమని పేర్కొందురు. ఎమర్సన్, థోరో, పో, లాంగ్‌ఫెలో, మెల్విల్, విట్మన్ మొదలగువారు ఆ కాలమువారే. వారిలో ననేకులు అడవులను, సముద్రములను, తమ దేశపు విశాలతను వర్ణించి కీర్తి గాంచిరి. నెథానియల్ హాథారన్ మాత్రము ఎవ్వరి కంటికిని కనబడని తావును వర్ణింప బూనెను. మనుష్యుడు దాచుకొన్న పాపము వాని హృదయమును లోలోపల నేమి చేయును, తాతలు చేసిన యన్యాయము మనుమలను ఎంతవఱకు వెంబడించును అను ప్రశ్నలే ఆయన గ్రంథములకెల్ల బీజములు. ఈ ప్రశ్నలు ఆయనకు పుస్తకములవలన గలిగినవి కావు, ఇంటిపేరుతోనే సంక్రమించినవి.

ఆయన 1804వ సంవత్సరము జూలై 4వ తేదీన మసాచుసెట్సు రాష్ట్రమందలి సేలము అను రేవుపట్టణమున జన్మించెను. సేలము పేరు వినగానే చరిత్ర నెఱిగినవారికి 1692వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చును. ఆ యేట కొందఱు బాలికలు మూర్ఛలు వచ్చినట్లు పడిపోవుచు, ఫలానావారు తమకు చేతబడి చేసిరని చెప్పగా, ప్యూరిటను అధికారులు ఆ మాటలు నమ్మి విచారణలు జరిపిరి. పందొమ్మిదిమందిని ఉరితీసిరి, జైల్సు కోరీ యను వృద్ధునిమీద బండలు పేర్చి చంపిరి. ఆ విచారణలు జరిపిన న్యాయాధికారులలో జాన్ హాథారన్ ఒకడు. ఇతడు మన కథానాయకుని ముత్తాతకు తండ్రి. అదే న్యాయస్థానమున గూర్చుండిన శామ్యూల్ స్యూవల్ అను నాతడు 1697లో దేవాలయమున, సంఘమంతయు చూచుచుండగా నిలువబడి, తన దోషమును ఒప్పుకొనెను. జాన్ హాథారన్ అట్టి పని చేయక 1717లో మరణించెను. అతని తండ్రి విలియము సైతము క్వేకరు మతస్థులను కొరడాలతో కొట్టించిన కఠినాత్ముడే. నెథానియల్ యౌవనమున తన యింటిపేరులో ఇంగ్లీషున నొక యక్షరము నధికముగా చేర్చి వ్రాయ నారంభించెను. అట్టి పూర్వులనుండి కొంచెము దూరముగా నిలువవలెనను కోరికయే దానికి హేతువని పలువురు తలంతురు.

తండ్రి ఓడ కప్తాను. కుమారునికి నాలుగేండ్లు నిండకమునుపే, 1808లో, దక్షిణ అమెరికాలోని సూరినాములో విషజ్వరముచే మృతినొందెను. తల్లి ముగ్గురు బిడ్డలను వెంటబెట్టుకొని పుట్టింటివారైన మానింగులను చేరెను. తొమ్మిదవ యేట బంతియాటలో కాలికి దెబ్బతగిలి బాలుడు చాలకాలము కుంటుచు, ఇల్లు విడువక చదువుచుండెను. మన తెలుగు క్రైస్తవ గృహములకు సుపరిచితమగు యాత్రికుని ప్రయాణము ఆయనకు మిక్కిలి ప్రియమైన గ్రంథములలో నొకటి. ఇచ్చట మన పాఠశాలవారికి ప్రియమగు సంగతి యొకటి చెప్పవలసియున్నది. అమెరికానుండి మన దేశమునకు బయలుదేరిన మొదటి మిషనరీలలో జడ్సను దంపతులును న్యూవెలు దంపతులును 1812 ఫిబ్రవరి 19వ తేదీన కారవాన్ అను ఓడనెక్కి కలకత్తాకు పయనమైనది ఈ సేలము రేవునుండియే. అప్పటికి మన బాలునికి ఏడేండ్లు.

1821 మొదలు 1825 వఱకు ఆయన మెయిన్ రాష్ట్రమందలి బౌడిన్ కళాశాలలో చదివెను. విద్యార్థిగా సామాన్యుడే, బిడియస్థుడు. కాని అచ్చట దొరకిన స్నేహితులు అసామాన్యులు. లాంగ్‌ఫెలో ఆయన తరగతివాడు. పైతరగతిలోని ఫ్రాంక్లిన్ పియర్సు పిమ్మట అమెరికా అధ్యక్షుడయ్యెను. హొరేషియో బ్రిడ్జి యను మఱియొకడు చేసిన యుపకారమును ముందు చెప్పెదము.

కళాశాల విడిచి యింటికివచ్చిన యువకుడు మేడగదిలో ప్రవేశించి, ఇంచుమించు పండ్రెండేండ్లు అచ్చటనే చదువుచు, వ్రాయుచు, వ్రాసినవానిలో ననేకము కాల్చివేయుచు గడపెను. 1828లో సొంతఖర్చుతో అచ్చువేయించిన ఫాన్షా యను మొదటి నవల తనకే నచ్చక, దొరకిన ప్రతులనెల్ల తెప్పించి నాశనము చేసెను. ఆ పిమ్మట వ్రాసిన కథలు ది టోకెన్ అను వార్షిక సంచికలో పేరులేకుండ వెలువడుచుండెను. (వార్షిక సంచికలను తేలికగా చూచువారు ఈ సంగతి గమనింతురు గాక!) 1837లో ఆ కథలు ట్వైస్ టోల్డ్ టేల్సు అను పేర గ్రంథముగా వచ్చెను. నష్టము వచ్చినచో 250 డాలర్లు తానిత్తునని బ్రిడ్జి ప్రచురణకర్తకు రహస్యముగా పూచీ వ్రాసియిచ్చినందుననే అది అచ్చయ్యెను. ఈ సంగతి అప్పటికి గ్రంథకర్త యెఱుగడు. లాంగ్‌ఫెలో దానిని పత్రికలో ప్రశంసించెను. ఒకడు ధనముతోను మఱియొకడు కలముతోను తోడ్పడగా హాథారన్ పేరు లోకమునకు తెలిసెను.

తరువాతి యేండ్లను త్వరగా దాటుదము. ఆయన బోస్టను సుంకపు కచేరిలో బొగ్గును ఉప్పును కొలిపించు నుద్యోగము చేసెను. 1841లో బ్రూక్ ఫారము అను సమష్టి వ్యవసాయక్షేత్రమున చేరి, పేడ యెత్తినచేతితో కథ వ్రాయుట సాధ్యముకాదని తెలిసికొని వెడలివచ్చెను. 1842 జూలై 9వ తేదీన చిత్రకారిణి సోఫియా పీబాడీని వివాహమాడి కాంకర్డు గ్రామమున కాపురముండెను. థోరో ఆ దంపతులకు కూరగాయల తోట వేసిపెట్టెను. సోఫియా అక్కలలో నొకతె యైన ఎలిజబెత్ 1860లో బోస్టనున శిశుపాఠశాల స్థాపించెను; మఱియొక అక్క భర్త, ఉపాధ్యాయులకు శిక్షణాలయము లుండవలెనని పోరాడిన హోరేస్ మాన్. మావంటి వృత్తివారికి ఆ కుటుంబమంతయు గురుకుటుంబమే.

1846లో సేలము సుంకపు కచేరిలో సర్వేయరు పదవి లభించెను. మూడేండ్లు జీతము వచ్చెను గాని కలము కదలలేదు. 1849 జూన్‌లో ప్రభుత్వము మాఱగా క్రొత్తపక్షమువారు ఆయనను తొలగించిరి. తరువాతి నెలలోనే తల్లి మరణించెను. ఇంట ఇద్దఱు పసిబిడ్డలు. చేతిలో పైకము లేదు. ఉద్యోగము పోయిన వార్త విని సోఫియా విచారింపక, ఇక పుస్తకము వ్రాయవచ్చునని సంతోషించి, ఇంటిఖర్చులలో మిగిల్చి దాచిన సొమ్మును తెచ్చి చూపెనని ఆ కుటుంబమువారు చెప్పుకొందురు. స్నేహితులు చందా వేసి కొంత పంపిరి. ఆ చలికాలమందు ఆయన వ్రాసినదే ది స్కార్లెట్ లెటర్. చివరి భాగమును భార్యకు చదివి వినిపించునప్పుడు ఆయన కంఠము వణకెను. ఆమె తలనొప్పితో పోయి పండుకొనెను. 1850 మార్చిలో వెలువడిన ఆ గ్రంథము పదిదినములలో 2,500 ప్రతులు అమ్ముడుపోయెను.

కథ ప్యూరిటనుల కాలపు బోస్టనులో జరుగును. హెస్టర్ ప్రిన్ అను స్త్రీ వివాహధర్మము తప్పినందుకు శిక్షగా ఎఱ్ఱని యక్షరమొకటి రొమ్ముపై ధరించి యావజ్జీవము తిరుగవలెను. ఆమెతో పాపములో భాగియైనవాడు ఊరివారందఱు పూజించు యువబోధకుడు. అతడు నోరు విప్పడు. బహిరంగముగా అవమానము భరించిన స్త్రీ నానాటికి ధైర్యమును దయను పొంది రోగులకును దుఃఖితులకును తోడగును. దాచినవాడు నానాటికి క్షీణించును. ఈ గ్రంథము పిన్నలు చదువదగినదా యని తలిదండ్రులు కొందఱు శంకింతురు. పైతరగతులవారు ఉపాధ్యాయుని యొద్ద చదువవచ్చునని మా యభిప్రాయము. అందు పాపమునకు అలంకారము లేదు. కాని పాపినిమీద రాళ్లు రువ్వు గుంపుమీద మిక్కిలి కోపము కలదు. సభయెదుట నిలువని ఆ న్యాయాధికారి వంశమువాడు ఇట్టి కథ వ్రాయుట మాకు యాదృచ్ఛికముగా తోపదు.

మఱుసటి యేట వచ్చిన ది హౌస్ ఆఫ్ ది సెవెన్ గేబుల్సు కథలో ఆ వంశఋణము స్పష్టముగనే కనబడును: చేతబడి నేరము మోపి పొరుగువానిని చంపించి, వాని స్థలమున మేడకట్టిన వంశము తరతరములుగా శాపమనుభవించును. అప్పుడాయన లెనాక్సు గ్రామమున నుండెను. సమీపముననున్న మెల్విల్ తఱచుగా వచ్చుచు, 1851లో తన మోబీ డిక్‌ను హాథారన్‌కు అంకితమిచ్చెను.

ఇంతవఱకు ప్రశంస. ఇక మనస్సునకు కష్టమైన సంగతి చెప్పక తప్పదు. 1852లో పియర్సు అధ్యక్షపదవికి నిలువగా హాథారన్ ఆయన జీవితచరిత్ర వ్రాసియిచ్చెను. అందు బానిసత్వము కీడేయని యొప్పుకొనుచు, మనుష్యుల ప్రయత్నముచే అది తీరదనియు, దైవము తన కాలమందు దానిని స్వప్నమువలె మాయము చేయుననియు వ్రాసెను. అదే సంవత్సరమున అంకుల్ టామ్స్ క్యాబిన్ గ్రంథము వెలువడెను. దానిని వ్రాసిన స్టో దొరసాని అప్పుడు బౌడిన్ కళాశాల యున్న యూరిలోనే కాపురముండెను. ఆమె భర్త ఆ కళాశాలలోనే అధ్యాపకుడు. నూటఅఱువదియేండ్ల క్రిందటి అన్యాయమును అంత సూక్ష్మముగా చూచిన కన్నులకు, తన దినములలో సంతలో అమ్ముడగు మనుష్యుడు ఏల కనబడలేదు? స్నేహము అడ్డువచ్చినదందుమా? కొంతవఱకు నిజమే. కాని గుంపుల ఆవేశమును శంకించు నలవాటు ఆయనకు ముదిరి, న్యాయమునకై కేకవేయువారిని సైతము శంకించెనని మా తలంపు. పియర్సు అధ్యక్షుడై 1854లో కాన్సాసు-నెబ్రాస్కా చట్టముపై సంతకము చేయగా బానిసత్వము క్రొత్త ప్రాంతములకు వ్యాపించుటకు దారి తెఱవబడెను.

పియర్సు మిత్రుని మఱువలేదు. 1853లో లివర్‌పూలు రేవున అమెరికా కాన్సలుగా నియమించెను. అచ్చట నాలుగేండ్లు. ఆ కాలమున ఒకనాడు ఆయన కొందఱితో గూడ దిక్కులేని బీదలను పోషించు శాలకు పోయెను. అచ్చట ఆఱేండ్ల యీడు బిడ్డ యొకటి, పాలిపోయి, వ్యాధిచే కండ్లు కాఱుచు, చూచుటకే అసహ్యమైనది, ఆయన కోటు పట్టుకొని వెంటవెంట తిరిగి, తుదకు ఎదుట నిలిచి చేతులు చాచెను. ఎవరినైనను తాకుటకు సంకోచించు స్వభావము ఆయనది. ఆ బిడ్డకు ఆయనమీద నేదో హక్కున్నట్లు తోచెను. ఎత్తుకొని, కొంతసేపు లాలించి, దింపెను. 1863లో అచ్చయిన అవర్ ఓల్డ్ హోమ్‌లో ఈ సంగతి వ్రాయుచు, వచ్చినవారిలో నొక పెద్దమనిషి చేసినట్లు చెప్పెను. ఆయన పోయిన పిమ్మట సోఫియా ఆయన దినచర్య పుస్తకములను ప్రచురింపగా, ఆ పెద్దమనిషి యెవరో లోకము తెలిసికొనెను.

ఇటలీలో కొంతకాలముండి ది మార్బుల్ ఫాన్ వ్రాసి, 1860లో స్వదేశము చేరునప్పటికి ఆయన ఆరోగ్యము సడలెను. అంతర్యుద్ధము వచ్చెను. పియర్సు పేరు ఉత్తరరాష్ట్రములలో నిందాస్పదమైయుండగా, వలదని ప్రచురణకర్త చెప్పినను వినక, అవర్ ఓల్డ్ హోమ్‌ను ఆయనకే అంకితము చేసెను. 1864 మే నెలలో పియర్సు ఆయనను ఆరోగ్యముకొఱకు న్యూహాంప్‌షైరు కొండలవైపు తీసికొనిపోయెను. ప్లిమత్ గ్రామమున, 19వ తేదీ తెల్లవాఱకమునుపు పియర్సు ప్రక్కగదినుండి వచ్చి చేయి తాకిచూడగా శరీరము చల్లబడియుండెను. కాంకర్డున జరిగిన సమాధిలో ఎమర్సన్, లాంగ్‌ఫెలో మొదలగువారు శవపేటికను గౌరవించి నడచిరి. ముగింపని వ్రాతప్రతి యొకటి పేటికపై నుంచబడెను.

చిన్నకుమార్తె రోజు. తండ్రి మరణించునాటి మఱుదినము ఆమెకు పదుమూడేండ్లు నిండినవి. పెద్దదై వివాహమాడి, ఒక్కగానొక్క కుమారుని పోగొట్టుకొని, 1891లో కాథలిక్ సంఘమున చేరెను. పుట్టకుఱుపు అంటువ్యాధియని జనులు భయపడి రోగులను దూరముచేయుచుండిన దినములలో, 1896లో, న్యూయార్కు పేదవాడలో ఇల్లు అద్దెకు తీసికొని, దిక్కులేని పుట్టకుఱుపు రోగులను తన చేతులతో కడిగి, కట్లు కట్టి, మరణపర్యంతము కాచుటకు పూనుకొనెను. 1900లో ఆ సేవకై కన్యాస్త్రీల సమాజమును స్థాపించెను. రోగులయొద్ద సొమ్ము గైకొనరాదనునది వారి నియమము. లివర్‌పూలు బిడ్డను గూర్చి తండ్రి వ్రాసిన పుటలను ఆమె తండ్రి గ్రంథములన్నిటికంటె ఘనముగా ఎంచెను. 1926లో, తలిదండ్రుల వివాహదినమైన జూలై 9వ తేదీననే, ఆమె కన్నుమూసెను.

సోఫియా 1871లో లండనున మరణించి అచ్చటనే సమాధిచేయబడెను. పెద్దకుమార్తె ఊనా ఆమె ప్రక్కనే. ఆ సమాధులను కాచుచు వచ్చినవారు రోజు సమాజపు కన్యాస్త్రీలే. అవి పాడుకాగా, 2006 జూన్‌లో వారి యవశేషములను అమెరికాకు తెచ్చి, కాంకర్డున హాథారన్ ప్రక్కన నుంచిరి.