గాంధీజీకి మిగిలిన చింత – మన చేతిరాత

సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు మా ట్రంకు పెట్టెల్లో పరీక్ష పేపర్లు కూడా ఉండేవి. జవాబు తెలిసినా, రాత అర్థం కాక మార్కులు పోయిన పేపర్లు అవి. మాలో చాలామంది అమ్మానాన్నలకు అక్షరాలు రావు. దిద్దేవారు ఎవరు? అందుకే పూర్వ విద్యార్థులమైన మేము, తన చేతిరాతను తలచుకొని బాధపడిన ఒక మహనీయుని జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో మీ ముందు ఉంచుతున్నాం. ఆయనే మహాత్మా గాంధీ.

గాంధీజీ 1869 అక్టోబరు 2న పోర్‌బందర్‌లో జన్మించారు. రాజకోట బడిలో బిడియస్తుడైన విద్యార్థి. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఐదు ఇంగ్లీషు మాటలు రాయమంటే ‘కెటిల్’ అన్న మాట తప్పు రాశారు. పక్కవాడి పలక చూసి దిద్దుకోమని మాస్టారు కాలితో సైగ చేసినా ఆయన చూడలేదు. అంతటి నిజాయితీపరుడు కూడా ఒక్క విషయంలో పొరబడ్డారు. చదువుకు మంచి దస్తూరి అవసరం లేదనుకున్నారు.

1888లో లండన్ వెళ్ళి బారిష్టరు అయ్యారు. 1893లో దక్షిణాఫ్రికా చేరారు. అక్కడి వకీళ్ళు, యువకులు ముత్యాల్లా రాస్తుంటే చూసి సిగ్గుపడ్డారు. మార్చుకోవాలని ప్రయత్నించారు గాని, అప్పటికే ఆలస్యమైంది. చేతిరాత బాగా లేకపోతే చదువు అసంపూర్ణమేనని తన ఆత్మకథలో ఒప్పుకున్నారు. పిల్లలు పూలను, పక్షులను గుర్తుపట్టినట్లే అక్షరాలను గుర్తుపట్టాలని, ముందు బొమ్మలు గీయడం నేర్చి ఆ తర్వాతే అక్షరాలు రాయాలని ఆయన అభిప్రాయం.

అయినా ఆయన రాయడం మానలేదు. 1909లో ఓడలో ‘హింద్ స్వరాజ్’ రాస్తూ కుడిచెయ్యి అలసిపోతే ఎడమచేత్తో సాగించారు. 1921లో మన బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశానికి వచ్చారు. మన జిల్లా భట్లపెనుమర్రు బిడ్డ పింగళి వెంకయ్యగారు జెండా నమూనా ఆయనకు అందించింది అప్పుడే. 1948 జనవరి 30న ఆయన అమరులయ్యారు. ఆయన రచనలు ఇంగ్లీషులో 100 సంపుటాలయ్యాయి.

గాంధీజీకి ఆలస్యమైంది. మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కాలేదు. మేము మా ఇళ్ళలో చేసి చూసింది చెబుతాం. మొదట సున్నాలు, అరసున్నాలు, వంపు గీతలు గీయించండి. తెలుగు అక్షరాల్లో ఎక్కువ భాగం ఆ గుండ్రదనమే. తర్వాత రూళ్ళ పుస్తకంలో రోజుకు ఐదే వాక్యాలు, తొందర లేకుండా రాయించండి. తలకట్టు, ఒత్తు విడిగా చూడండి. ఒత్తు మరిస్తే ‘గుడ్డి’ కాస్తా ‘గుడి’ అవుతుంది. మాటకూ మాటకూ మధ్య చిటికెనవేలంత చోటు వదిలించండి.

ఇక చుక్క, కామా. రాసినది పిల్లవాడి చేతే అమ్మకు గట్టిగా చదివి వినిపించమనండి. కామా దగ్గర కొంచెం, చుక్క దగ్గర పూర్తిగా ఆగాలి. చుక్క పెట్టని చోట ఊపిరి అందదు, వినే అమ్మకు అర్థం కాదు. ఎక్కడ అర్థం కాలేదో ఆమె చెబితే చాలు, చుక్క ఎక్కడ పెట్టాలో వాడికే తెలుస్తుంది. అక్షరం రాని అమ్మ కూడా ఇలా బిడ్డకు గురువు కాగలదు.

ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక పెన్సిలు, ఒక రూళ్ళ పుస్తకం పట్టుకెళ్ళండి. తప్పు రాస్తే కసురుకోకండి, బాగా వచ్చిన ఒక్క అక్షరాన్ని ముందు మెచ్చుకోండి. మాకు ఆ మెప్పు దొరికింది ఆలస్యంగా. మీ తర్వాతి వారికి తొందరగా దొరకాలని మా కోరిక.