జానకీ అమ్మాళ్

అనకాపల్లి బెల్లమునకు తెలుగునాట గొప్ప పేరు కలదు. అచ్చటి రైతు చెరకు ముచ్చెలను నాటి పంట తీయును. ముచ్చెనుండి మొలచిన చెరకు తల్లి చెరకు వంటిదే యగును. క్రొత్త రకము కావలెనన్న రెండు రకముల పూవులను సంకరము చేసి విత్తనము పుట్టింపవలెను. ఈ శాస్త్రమునకై పాటుపడిన వారిలో జానకీ అమ్మాళ్ ఒకరు.

ఆమె 1897వ సంవత్సరము నవంబరు 4వ తేదీన కేరళములోని తలశ్శేరిలో జన్మించెను. బాలికలకు చదువుకంటె వివాహమే ముఖ్యమని ఆ కాలమున పెద్దలు తలంచెడివారు. జానకి చదువునే కోరుకొనెను. జీవితాంతము అవివాహితగనే యుండెను. మద్రాసులో వృక్షశాస్త్రము నభ్యసించి, అచ్చటనే స్త్రీల కళాశాలలో బోధించెను. పిమ్మట అమెరికాకు పోయి, మిచిగన్ విశ్వవిద్యాలయమున 1931లో డాక్టరు పట్టమును పొందెను. తిరిగివచ్చి తిరువనంతపురమున ఆచార్యపదవి నలంకరించెను.

1934లో ఆమె కోయంబత్తూరులోని చెరకు ప్రజనన కేంద్రమున చేరెను. అచ్చటి శాస్త్రజ్ఞులు తియ్యని చెరకును రెల్లుగడ్డితో సంకరము చేసి, తెగుళ్లకు లొంగని గట్టి రకములను అప్పటికే పుట్టించి యుండిరి. జీవకణములలో క్రోమోజోములను సన్నని పోగులుండును. తల్లిదండ్రుల లక్షణములు సంతతికి సంక్రమించుట వాని వలననే. తియ్యని చెరకులో అవి 80. రెల్లులోనో తావును బట్టి 40 మొదలు 128 వరకు ఉండును. జానకి సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి, వానిని ఓర్పుతో లెక్కించి, సంకరముల మర్మమును పరిశోధించెను. చెరకును మొక్కజొన్నతో సైతము సంకరము చేసెను.

1939లో ఆమె ఎడింబరోలో జరిగిన జన్యుశాస్త్ర మహాసభకు వెళ్లెను. అంతలో ప్రపంచయుద్ధము ప్రారంభమాయెను. ఆమె ఇంగ్లండుననే నిలిచెను. లండనుపై బాంబులు పడుచున్నను పరిశోధనము మానలేదు. 1945లో డార్లింగ్టన్ అను శాస్త్రజ్ఞునితో కలిసి, సాగుమొక్కల క్రోమోజోముల సంఖ్యలను తెలుపు గ్రంథమును ప్రకటించెను.

1951లో ప్రధాని నెహ్రూ ఆహ్వానముపై స్వదేశమునకు మరలి, భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థను చక్కదిద్దు భారమును వహించెను. 1977లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదమునిచ్చెను. ఎనుబది యేండ్ల ప్రాయమునను ఆమె విశ్రమింపలేదు. కేరళములోని సైలెంట్ వ్యాలీ అడవిని ముంచివేయు ఆనకట్ట వలదని వాదించెను. 1983లో ప్రభుత్వము ఆ ప్రయత్నమును విడిచెను. 1984 ఫిబ్రవరి 7వ తేదీన జానకి కన్నుమూసెను. ఆ సంవత్సరమే ఆ అడవి జాతీయవనముగా ప్రకటింపబడెను.

నేడును అనకాపల్లి పరిశోధన కేంద్రమున క్రొత్త చెరకు రకములకై కృషి సాగుచున్నది. ఒక్కొక్క రకము రైతు పొలమునకు చేరుటకు వెనుక పెక్కేండ్ల ఓర్పు కలదు. అట్టి ఓర్పునకు జానకీ అమ్మాళ్ జీవితమే నిదర్శనము.